పిల్లల క్యాన్సర్ నర్సింగ్: డిగ్రీ తర్వాత చదవాల్సిన చదువు

పోతిరెడ్డిపల్లి చౌరస్తా చుట్టుపక్కల బైపీసీ పూర్తిచేసి, ఎంబీబీఎస్ సీటు రానివాళ్లలో చాలామంది నర్సింగ్ వైపు చూస్తారు. పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీల్లో షిఫ్టులు చేసే తల్లిదండ్రులు కూడా ఉద్యోగం గ్యారంటీ అని ఒప్పుకుంటారు. అయితే ఏ నర్సు కావాలన్నది మాత్రం ఎవరూ అడగరు. నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్క స్పెషాలిటీ గురించి: క్యాన్సర్ వచ్చిన పిల్లల్ని చూసుకునే నర్సింగ్.

ప్రపంచంలో ఏటా సుమారు 4 లక్షల మంది పిల్లలకు, టీనేజర్లకు క్యాన్సర్ వస్తోంది. సంపన్న దేశాల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారు. పేద దేశాల్లో ఆ సంఖ్య చాలా తక్కువ. 2030 నాటికి అన్నిచోట్లా కనీసం 60 శాతం మంది బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. అందుకు జబ్బును తొందరగా పట్టుకోవాలి, చికిత్స మధ్యలో ఆగకూడదు, ఇన్ఫెక్షన్‌ను వెంటనే గుర్తించాలి. వీటిలో చివరి రెండూ చాలావరకు నర్సు మీదే ఆధారపడతాయి.

పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్‌కు విన్‌క్రిస్టిన్ అనే మందు వాడతారు. అది నరంలోకే ఎక్కాలి. అదే పిల్లాడికి వెన్నులోకి ఇవ్వాల్సిన మెథోట్రెక్సేట్ కూడా ఉంటుంది. పొరపాటున విన్‌క్రిస్టిన్ వెన్నులోకి వెళితే దాదాపు ప్రతిసారీ ప్రాణం పోతుంది. అందుకే దాన్ని సిరంజిలో కాకుండా చిన్న సెలైన్ సంచిలో కలిపి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే హెచ్చరించింది. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చే గదిలోకి ఆ మందు రానివ్వకూడదు. పిల్లాడి పేరు, డోసు, ఎక్కించే దారి ఇద్దరు నర్సులు విడివిడిగా సరిచూసుకోవాలి. డోసును ఎత్తు, బరువుల నుంచి లెక్కకట్టిన శరీర వైశాల్యాన్ని బట్టి నిర్ణయిస్తారు కాబట్టి బరువు తప్పుగా రాస్తే మందూ తప్పుతుంది. ఇదంతా డిగ్రీలో పైపైన చెప్పి వదిలేస్తారు.

జ్వరం సంగతి ఇంకా ముఖ్యం. కీమో తర్వాత తెల్ల రక్తకణాలు పడిపోయిన పిల్లాడికి జ్వరం వస్తే ఆస్పత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఇస్నాపూర్‌లో అద్దె గదిలో ఉండే తల్లి పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దామనుకుంటే ప్రమాదం. థర్మామీటర్ చూడటం ఆమెకు నేర్పి, అర్ధరాత్రయినా బయల్దేరమని ఒప్పించేది నర్సే. ఈ ఏరియాలో బీహార్, ఒడిశా కుటుంబాలూ ఎక్కువే. తెలుగుతో పాటు హిందీ వస్తే ఈ పనిలో పెద్ద బలం.

ఇక దారి. జీఎన్‌ఎం మూడేళ్లు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. పై చదువులకు బీఎస్సీయే మేలు. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టరయ్యాక కనీసం ఒక ఏడాది స్టాఫ్ నర్సుగా చేయండి, వీలైతే పిల్లల వార్డులో. ఆ తర్వాత ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ సిలబస్‌తో ఏడాది పాటు సాగే పోస్ట్ బేసిక్ డిప్లొమా ఇన్ ఆంకాలజీ నర్సింగ్ ఉంది. టీచింగ్ ఇష్టమైతే చైల్డ్ హెల్త్ నర్సింగ్‌లో ఎమ్మెస్సీ. విదేశాలకు వెళ్లాలనుకుంటే, అమెరికాలో పిల్లల క్యాన్సర్ నర్సులకు సీపీహెచ్‌ఓఎన్ అనే ప్రత్యేక సర్టిఫికెట్ ఉంది.

డిప్లొమాకు కాలేజీ ఎంచుకునేటప్పుడు ఒక్కటి అడగండి: మీ ఆస్పత్రిలో పిల్లలకు కీమో ఇచ్చే వార్డు ఉందా? లేకపోతే ఆ డిప్లొమా కాగితమే. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రి, బంజారాహిల్స్‌లో 2000లో మొదలైన బసవతారకం ఆస్పత్రి పిల్లల క్యాన్సర్‌కు చికిత్స చేస్తున్నాయి. ఇలాంటి చోట ఉద్యోగం దొరికితే జీతం కాస్త తక్కువైనా చేరమనే నా సలహా. చేరేముందు, క్యాన్సర్ వార్డులోనే ఉంచుతారా లేక తరచూ వేరే వార్డులకు తిప్పుతారా అని తప్పక అడగండి. తిప్పితే నేర్చుకున్నదంతా నీరుగారిపోతుంది.

అందరు పిల్లలూ బతకరు. నొప్పి తగ్గించడం, చివరి రోజుల్లో తల్లిదండ్రుల పక్కన నిలబడటం కూడా ఈ చదువులో భాగమే. అది మోయగలమా అని ముందే ఆలోచించుకోండి. మోయగలం అనిపిస్తే, అమ్మాయిలైనా అబ్బాయిలైనా ఈ స్పెషాలిటీ వైపు రండి. ఇప్పుడే బీఎస్సీ చదువుతుంటే పిల్లల వార్డు పోస్టింగ్‌ను సంతకాల కోసం కాకుండా నేర్చుకోవడానికి వాడుకోండి.