లోహ డోపింగ్ చేసిన కాంతి ఉత్ప్రేరక నానోకణాలు: ఫలితాలను పరీక్షించే విధానం

పురుగుమందుల అవశేషాలున్న నీటిని శుద్ధి చేయడానికీ, పంటలపై బ్యాక్టీరియా తెగుళ్లను అదుపు చేయడానికీ కాంతి ఉత్ప్రేరక నానోకణాలు ఉపకరిస్తాయని అనేక ప్రయోగశాలలు నివేదిస్తున్నాయి. ఈ ఫలితాలను రైతులకు సిఫారసుగా మార్చే ముందు, అవి నిజంగా కాంతి ఉత్ప్రేరణ వల్లనే లభించాయా అన్నది నిర్ధారించుకోవడం అవసరం.

పని చేసే విధానం

టైటానియం డయాక్సైడ్, జింక్ ఆక్సైడ్ అర్ధవాహకాలు. తగిన శక్తి గల కాంతి సోకినప్పుడు వీటిలోని ఎలక్ట్రాన్లు సంయోజక పట్టీ నుండి వహన పట్టీకి చేరి, వెనుక ధనావేశ రంధ్రాలను మిగులుస్తాయి. రంధ్రాలు నీటితో చర్య జరిపి హైడ్రాక్సిల్ రాడికల్‌ను, ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌తో కలిసి సూపర్ ఆక్సైడ్‌ను ఏర్పరుస్తాయి. ఇవి సేంద్రియ కాలుష్యాలను ఆక్సీకరణం చేస్తాయి. బ్యాక్టీరియా కణత్వచాన్ని దెబ్బతీస్తాయి. 1972లో ఫుజిషిమా, హోండా టైటానియం డయాక్సైడ్ ఎలక్ట్రోడ్‌పై కాంతితో నీటిని విఘటనం చేసి చూపారు. 1985లో మత్సునగా బృందం ప్లాటినం చేర్చిన టైటానియం డయాక్సైడ్ పొడితో కాంతిలో సూక్ష్మజీవులను నశింపజేసింది.

డోపింగ్ ఆవశ్యకత, పరిమితి

అనటేస్ రూపంలోని టైటానియం డయాక్సైడ్‌లో రెండు పట్టీల మధ్య అంతరం 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు. కావున సుమారు 388 నానోమీటర్ల కంటే తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతి మాత్రమే దీనిని ఉత్తేజపరచగలదు. భూమిని చేరే సౌరశక్తిలో ఈ కాంతి వాటా 5 శాతానికి మించదు. స్ఫటికంలోని కొన్ని టైటానియం అయాన్ల స్థానంలో ఇనుము, వెనేడియం వంటి లోహ అయాన్లను ప్రవేశపెడితే అంతరం నడుమ కొత్త శక్తి స్థాయిలు ఏర్పడి, దృశ్యకాంతి కూడా కొంత శోషించబడుతుంది.

అయితే ప్రతి లోహమూ మేలు చేయదు. 1994లో చోయ్, టెర్మిన్, హాఫ్‌మన్ 21 లోహ అయాన్లను పరీక్షించగా ఇనుము, మాలిబ్డినం, రుథీనియం, వెనేడియం వంటివి స్వల్ప మోతాదులో చర్యాశీలతను పెంచాయి. కోబాల్ట్, అల్యూమినియం తగ్గించాయి. మోతాదు మించితే డోపింగ్ స్థానాల వద్దనే ఎలక్ట్రాన్లు, రంధ్రాలు తిరిగి కలిసిపోయి శక్తి వృథా అవుతుంది. పొడి రంగు ముదిరినంత మాత్రాన చర్యాశీలత పెరిగినట్లు కాదు.

కాలుష్య విఘటనం: రంగు పోవడం చాలదు

చాలా పరీక్షలు మిథిలీన్ బ్లూ రంగుద్రవ్యంపై జరుగుతాయి. ఈ ద్రవ్యం స్వయంగా దృశ్యకాంతిని శోషించి ఎలక్ట్రాన్లను కణాలకు అందించగలదు. అందువల్ల రంగు తగ్గడాన్ని డోపింగ్ ఫలితంగా పొరబడే అవకాశం ఉంది. రంగులేని పురుగుమందుతో పరీక్షను పునరావృతం చేయడం, మొత్తం సేంద్రియ కర్బనాన్ని కొలవడం తప్పనిసరి. అట్రజిన్ కలుపు మందు ఇందుకు మంచి ఉదాహరణ. టైటానియం డయాక్సైడ్ సమక్షంలో అట్రజిన్ అణువు విఘటనం చెందినా, దాని వలయం తెగదు. చర్య సైనూరిక్ ఆమ్లం వద్ద ఆగిపోతుంది. మాతృ పదార్థం అదృశ్యమైనంత మాత్రాన నీరు పూర్తిగా శుద్ధమైనట్లు చెప్పలేము.

స్వేదన జలానికీ, బోరు నీటికీ తేడా కూడా గమనార్హం. బైకార్బొనేట్లు, కరిగిన సేంద్రియ పదార్థం హైడ్రాక్సిల్ రాడికల్‌ను హరిస్తాయి. బురద కాంతిని అడ్డుకొంటుంది. ప్రయోగం వాడబోయే నీటితోనే జరగాలి.

బ్యాక్టీరియా నిర్మూలన: చీకటి పరీక్ష

వెండి అయాన్ పరిమాణంలో పెద్దది. అందువల్ల వెండి సాధారణంగా స్ఫటికంలోకి చేరక కణాల ఉపరితలంపై నిలుస్తుంది. దాని నుండి వెలువడే అయాన్లు కాంతి లేకున్నా బ్యాక్టీరియాను చంపుతాయి. కావున కాంతి మాత్రమే, చీకటిలో కణాలు, కణాల నుండి విడుదలైన లోహపు గాఢతకు సమానమైన లోహ లవణ ద్రావణం అనే మూడు కంట్రోళ్లు లేని ప్రయోగం ఉత్ప్రేరణను నిరూపించదు.

పొలం స్థాయిలో ఆశాజనకమైన ఆధారమూ ఉంది. టమాటలో జాంథోమోనాస్ పెర్ఫొరాన్స్ కలిగించే బ్యాక్టీరియా మచ్చ తెగులుపై అమెరికాలోని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో, జింక్ చేర్చిన టైటానియం డయాక్సైడ్ పిచికారీ తెగులు తీవ్రతను తగ్గించింది. రాగి మందులను తట్టుకునే బ్యాక్టీరియా రకాలు వ్యాపించిన చోట ఇది విలువైన ఫలితం. అయితే పగటి కాంతి పడని ఆకు అడుగుభాగంలో, మబ్బు పట్టిన రోజులలో, వర్షం తరువాత దీని ప్రభావం ఎంత నిలుస్తుందన్నది ప్రతి ప్రాంతంలోనూ పరీక్షించవలసిన విషయం.

సిఫారసుకు ముందు

పంట భాగాలలో, నేలలో లోహ అవశేషం, నేల సూక్ష్మజీవులపై ప్రభావం, పొడిని కలిపేటప్పుడు శ్వాస ద్వారా లోనికి చేరే ప్రమాదం కొలవాలి. పీల్చిన టైటానియం డయాక్సైడ్ ధూళిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2బి వర్గంలో, అనగా మానవులలో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదిగా, చేర్చింది. నానో వ్యవసాయ ఉత్పత్తుల మూల్యాంకనానికి భారత ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం 2020లో మార్గదర్శకాలు వెలువరించింది. చీకటి కంట్రోలు, కర్బన కొలత, పొలం నీరు, లోహ అవశేషం అనే నాలుగు అంశాలపై సమాధానం ఉన్న ఫలితాన్నే విస్తరణ శాస్త్రవేత్తలు క్షేత్ర ప్రదర్శనకు తీసుకోవాలి. మిగిలినవి ప్రయోగశాల పరిశీలనలుగానే ఉండాలి.