పెంపుడు అడవి జంతువులు – గ్రామారోగ్యము

మన గ్రామములకు అప్పుడప్పుడు ఏనుగు వచ్చుట కలదు. మావటివాడు దానిని ఇంటింటి ముందు నిలుపును. తల్లులు బిడ్డలను తెచ్చి, జడుపు తీరునని దాని కడుపు క్రిందుగా దాటింతురు. తొండముతో తల నిమిరింతురు. బియ్యము, బెల్లము, అరటిపండ్లు పెట్టుదురు. ఇది తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఏనుగును విఘ్నేశ్వర స్వరూపముగా భావించి మ్రొక్కు భక్తిని మేము తప్పుపట్టుట లేదు. అయితే ఏనుగు విడిచిన గాలిని బిడ్డయు, బిడ్డను పట్టుకొనిన వారు విడిచిన గాలిని ఏనుగును పీల్చుచున్నవను సంగతి మనలో చాలమందికి తట్టదు. ఆ సంగతినే పంచాయతీ సభ్యుల దృష్టికి తేదలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

బాక్టీరియా అను సూక్ష్మక్రిముల వలన కలుగు రోగములలో కొన్ని పశువుల నుండి మనుష్యులకు సోకునని మన రైతులెరుగుదురు. దొమ్మరోగముతో చచ్చిన గొడ్డును కోయరాదని పశువైద్యులు చెప్పుచునే యున్నారు. అడవి జంతువులను బంధించి పెంచునప్పుడు కూడ ఇట్టి ప్రమాదమే కలదన్న మాట మాత్రము అంతగా ప్రచారము కాలేదు. అడవిలో తిరుగు ఏనుగునకు, కొమ్మపై వ్రాలు చిలుకకు, పొదలలో మసలు తాబేలునకు మనతో పొత్తు తక్కువ. నడుమ నున్న దూరమే ఉభయులకును రక్ష. వానిని పట్టి తెచ్చి గొలుసుతో కట్టినప్పుడు, పంజరమున పెట్టినప్పుడు ఆ దూరము తొలగిపోవును. ఒకే గాలి పీల్చుట, చేతితో మేత పెట్టుట, పెంట ఎత్తుట నిత్యకృత్యములగును. క్రిమికి కావలసిన దారి అదియే.

ఏనుగు – క్షయ

క్షయరోగమునకు కారణమైన క్రిమిని కనుగొన్నట్లు జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ కాక్ 1882 మార్చి 24వ తేదీన ప్రకటించెను. రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు ఈ క్రిమి గాలిలో చేరి, ఆ గాలి పీల్చిన వారి ఊపిరితిత్తులలో ప్రవేశించును. మనుష్యులకు క్షయ కలిగించు ఈ క్రిమియే పెంపుడు ఏనుగులకును ఆ రోగమును కలిగించుచున్నది. కనుక ఏనుగునకు క్షయ కలిగినదన్నచో, సాధారణముగా మొదట దానిని అంటించినది మనిషియే యని గ్రహింపవలెను. పిమ్మట ఆ ఏనుగు మరల మనుష్యులకు అంటింపగలదు.

ఇది ఊహ కాదు. అమెరికా దేశమున ఇల్లినాయి రాష్ట్రమందలి ఒక జంతుశాలకు చెందిన 3 ఏనుగులు 1994–96 సంవత్సరముల మధ్య క్షయతో మరణించెను. 1996 అక్టోబరులో నాలుగవ ఏనుగు నందును క్షయక్రిమి బయటపడెను. అప్పుడు అచ్చటి సంరక్షకులు 22 మందిని పరీక్షింపగా, 11 మందికి క్రిమి సోకిన సూచన చర్మపరీక్షలో కనబడెను. వారిలో ఒకరికి రోగమే యుండెను. అతని యందలి క్రిమియు, నాలుగు ఏనుగుల యందలి క్రిమియు ఒకే జాతివని పరీక్షలలో తేలినది.

అదే దేశమున టెన్నెసీ రాష్ట్రమందలి ఒక ఏనుగుల ఆశ్రమమున 2009లో ఇంకొక సంగతి వెల్లడియైనది. ఏనుగును తాకినవారికే గాక, ఏనుగు శాల గాలి వచ్చి చేరు ప్రక్క కార్యాలయమున పనిచేయువారికిని క్రిమి సోకినది. తాకినప్పుడే గాక, మూసిన చోటున ఒకే గాలి పీల్చుట వలన కూడ ఈ రోగము వచ్చునని దీనివలన మనము నేర్చుకొనవలెను.

మన దక్షిణ దేశమున 600 పెంపుడు ఏనుగుల ఆరోగ్యమును, రక్తమును పరీక్షించిన శాస్త్రజ్ఞులు తమ ఫలితములను 2012లో ప్రకటించిరి. రక్తపరీక్షలో అనుమానము కలిగిన కొన్ని ఏనుగుల తొండమును కడిగిన నీటిని పరీక్షింపగా, అందు క్షయక్రిమి దొరకలేదు. కనుక ప్రతి ఏనుగును రోగిగా చూచి భయపడ నక్కరలేదు. క్రిమి సోకిన ప్రతి జీవికిని రోగము రాదు, మనుష్యులలోను అట్లే. ఆ క్రిమి యుండవచ్చునను ఎరుక మాత్రము ఉండవలెను.

ఏనుగులో ఈ రోగమును గుర్తించుట సులభము కాదు. చాలకాలము వరకు పైకి ఏమియు కనబడదు. చిక్కిపోవుట, నీరసించుట మొదలైన లక్షణములు కనబడు నాటికి రోగము ముదిరియుండును. అందుచేత పశువైద్యులు తొండములో ఉప్పునీరు పోసి, తొండము పైకెత్తించి, ఆ నీటిని సంచిలో పట్టి పరీక్షకు పంపుదురు. ఒక్కమారు చాలదు, వేర్వేరు దినములలో మూడు మారులు నీరు పట్టవలెను. రోగమున్నదని తేలినచో మనుష్యులకిచ్చు మందులనే ఏనుగు బరువుకు తగిన మోతాదులో నెలల తరబడి ఇయ్యవలసియుండును.

ఈ విషయము మన రాష్ట్రమునకు దూరమైనది కాదు. కొన్ని దేవాలయములందు ఏనుగులు కలవు. చిత్తూరు జిల్లాలో పంటలపై పడు అడవి ఏనుగులను మరలించుటకై 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వము మనకు శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను ఇచ్చినది. రైతు పంటను కాపాడు ఆ జంతువును మన దగ్గు నుండి మనము కాపాడవలదా?

పంజరములోని చిలుక

రామచిలుకను పంజరమున పెట్టి మాటలు నేర్పుట మన ఇండ్లలో పాత వేడుక. చిలుక జాతి పక్షులలో క్లమీడియా జాతికి చెందిన ఒక క్రిమి యుండవచ్చును. పక్షి రెట్ట ఎండి పొడియై, ఈకల ధూళితో కలిసి గాలిలో లేచును. దానిని పీల్చిన వారికి జ్వరము, తలనొప్పి, పొడి దగ్గు కలిగి, ఒక్కొక్కప్పుడు న్యుమోనియాగా పరిణమించును. 1929–30 సంవత్సరములలో దక్షిణ అమెరికా నుండి ఓడలలో వచ్చిన చిలుకల వలన ఈ జ్వరము ఐరోపా, అమెరికా దేశములలో వ్యాపించి పలువురి ప్రాణములను తీసెను. రోగమును శోధించినవారు సైతము దానికి గురియైరి. నేడు దీనికి మంచి మందులు కలవు. అయితే ఇంటిలో పక్షి యున్నదని చెప్పనిచో వైద్యునికి ఈ జ్వరము తట్టకపోవచ్చును. కాన పక్షులను పెంచువారు దగ్గు జ్వరములతో ఆసుపత్రికి పోయినప్పుడు ఆ మాట తప్పక చెప్పవలెను.

ఇంటిలోని తాబేలు

నక్షత్ర తాబేలు ఇంట నున్నచో కలిసివచ్చునని కొందరి నమ్మకము. తాబేలు ప్రేవులలో సాల్మొనెల్లా అను క్రిమి యుండును. తాబేలునకు దాని వలన బాధ యుండదు. చూచుటకు ఆరోగ్యముగానే యుండును. దాని పెంట ద్వారా ఆ క్రిమి నీటిలోను, నేలపైనను చేరును. పిల్లలు తాబేలును తాకి ఆ చేతిని నోట పెట్టుకొందురు. దాని వలన విరేచనములు, జ్వరము, కడుపునొప్పి కలుగును. ఐదేండ్ల లోపు పిల్లలకు ఇది ప్రమాదకరము. ఈ కారణము చేతనే అమెరికా ప్రభుత్వము 4 అంగుళముల కన్న చిన్న తాబేళ్ళ అమ్మకమును 1975లో నిషేధించినది.

పంచాయతీ సభ్యుల కర్తవ్యము

1. రామచిలుకలను, నక్షత్ర తాబేళ్ళను పట్టుట, అమ్ముట, పెంచుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. ఎలుగుబంటిని, కోతిని ఆడించి చూపుటను కేంద్ర ప్రభుత్వము 1998లో నిషేధించినది. ఈ సంగతులను గ్రామసభలో తెలుపవలెను. ఎవరి ఇంటనైన అట్టి జంతువున్నచో నచ్చజెప్పి అటవీశాఖ వారికి అప్పగింపజేయవలెను. చాలకాలము ఇంట పెరిగిన పక్షిని తమంతట తాము విడిచిపెట్టరాదు; అది బ్రతుకజాలకపోవచ్చును, తన రోగమును ఇతర పక్షులకు అంటింపవచ్చును.

2. గ్రామమునకు ఏనుగు వచ్చినచో దాని యాజమాన్య ధ్రువపత్రమును చూపుమని మర్యాదగా అడుగవలెను. అది చిక్కి నీరసించి యున్నచో పశువైద్యునికి, అటవీ అధికారికి కబురు చేయవలెను. దూరము నుండియే నమస్కరింపుడని ప్రజలకు చెప్పవలెను. చంటిబిడ్డలను తొండము దరికి తీసికొనిపోనీయరాదు.

3. మావటివానిని అవమానింపరాదు. అతడే అందరికన్న ఎక్కువగా ప్రమాదమునకు లోనైనవాడు. రెండు వారములు దాటిన దగ్గు, సాయంకాలపు జ్వరము, బరువు తగ్గుట యున్నచో అతనిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపి కఫ పరీక్ష చేయింపవలెను. గ్రామమందలి ప్రతివానికిని ఇదియే నియమము.

4. క్షయకు పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితము. రోగి పోషణకై 2018 ఏప్రిలు నుండి నెలకు 500 రూపాయలు ఇచ్చుచుండిరి; 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలకు పెంచిరి. ఈ సహాయము రోగికి చేరుచున్నదో లేదో సభ్యులు విచారించుచుండవలెను. మందు నడుమ మానకుండ ఆశా కార్యకర్తతో కలిసి చూడవలెను.

5. జంతువులను, పక్షులను తాకిన పిమ్మట సబ్బుతో చేతులు కడుగుకొను అలవాటును బడి పిల్లలకు నేర్పింపవలెను.

క్షయ లేని పంచాయతీలను గుర్తించి గౌరవించు కార్యక్రమమును కేంద్ర ప్రభుత్వము 2023 మార్చి 24వ తేదీన ప్రారంభించినది. ఆ గౌరవమును పొందగోరు ప్రతి పంచాయతీయు ఒక్క సంగతి మనసున నుంచుకొనవలెను. మన ఊరిలో దగ్గుచున్న ఒక మనిషికి సకాలమున మందు ఇప్పించినచో, అతని ఇంటివారే గాక నోరులేని జీవియు రక్షింపబడును. అడవి జంతువును అడవిలోనే యుండనిచ్చినచో మన బిడ్డలు రక్షింపబడుదురు. ఈ రెండు పనులును పంచాయతీ చేతిలోనివే. వీనికి కావలసినది ధనము కాదు, శ్రద్ధ.