నమ్మకమే మూలధనం

పాఠ్యభాగ పరిచయం

సొమ్ము కూడబెట్టడం ఎంత అవసరమో, దానిని సురక్షితమైన చోట దాచుకోవడం అంత అవసరం. బ్యాంకు దివాలా తీస్తే డిపాజిటుదారుల గతి ఏమవుతుంది? చట్టం వారిని ఏ మేరకు ఆదుకుంటుంది? మన దేశంలో కూలిపోయిన కొన్ని బ్యాంకుల చరిత్ర ఆధారంగా ఈ ప్రశ్నలకు సమాధానాలు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

చిత్తూరు జిల్లా పడమటి సరిహద్దున ఉన్న బైరెడ్డిపల్లె మెట్ట ప్రాంతం. దానికి ఉత్తరాన పుంగనూరు, మదనపల్లె, దక్షిణాన కుప్పం ఉన్నాయి. వేరుశనగ, టమాటా, పట్టుపురుగుల పెంపకం, పాడి ఈ సీమలో ముఖ్యమైన జీవనాధారాలు. వాన మీద, బోరుబావుల మీద ఆధారపడిన ఇటువంటి చోట పంట పండిన ఏడు మిగిల్చిన నాలుగు రూపాయలే పంట పోయిన ఏడు కుటుంబాన్ని నిలబెడతాయి. కూతురి పెళ్లికో, కుమారుని చదువుకో దాచిన ఆ సొమ్ము పోతే దానిని తిరిగి సంపాదించడానికి ఒక జీవితకాలం చాలదు. అందువల్ల బ్యాంకు పతనం లెక్కల పుస్తకాలలో ముగిసిపోయే విషయం కాదు. అది వేలాది ఇళ్లలోని పొయ్యి దాకా వస్తుంది.

బ్యాంకు ఎందుకు కూలుతుందో తెలియాలంటే ముందుగా అది పనిచేసే తీరు తెలియాలి. రైతు బ్యాంకులో వేసిన వంద రూపాయలు ఇనుప పెట్టెలో అలాగే పడి ఉండవు. బ్యాంకు అందులో కొంత భాగాన్ని రోజువారీ చెల్లింపులకు నిలువ ఉంచుకొని, మిగిలిన దానిని ఇతరులకు అప్పుగా ఇస్తుంది. వారి నుండి ఎక్కువ వడ్డీ తీసుకొని రైతుకు తక్కువ వడ్డీ ఇస్తుంది. ఆ తేడాయే బ్యాంకుకు రాబడి. చట్టరీత్యా చూస్తే డిపాజిటు అంటే రైతు బ్యాంకుకు ఇచ్చిన అప్పు. ఇక్కడ రైతు ఋణదాత, బ్యాంకు ఋణగ్రహీత. సామాన్యులు ఈ ఒక్క సంగతిని గమనించరు. తమ డబ్బు బ్యాంకులో 'భద్రంగా ఉంది' అనుకుంటారు కానీ, తాము బ్యాంకుకు అప్పు ఇచ్చామని అనుకోరు.

డిపాజిటుదారులందరూ ఒకే రోజున వచ్చి సొమ్ము అడగరన్న నమ్మకం మీదనే బ్యాంకు వ్యాపారం నడుస్తుంది. ఏదో ఒక పుకారు పుట్టి అందరూ ఒక్కసారిగా బారులు తీరితే మంచి బ్యాంకు కూడా తడబడుతుంది. అయితే అటువంటి బ్యాంకుకు నగదు అందించి నిలబెట్టవచ్చు. ఇచ్చిన అప్పులు తిరిగి రాక, ఉన్న ఆస్తి కంటే తీర్చవలసిన బాకీ మించిపోతే మాత్రం ఎంత నగదు తెచ్చి పోసినా లాభం ఉండదు. అదే దివాలా.

ఇందుకు తొలి ఉదాహరణ మద్రాసు నగరంలోనే లభిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో తెలుగు జిల్లాలలో అధిక భాగం మద్రాసు రాజధానిలో ఉండేవి. బైరెడ్డిపల్లె అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. మదనపల్లె కడప జిల్లాలోనిది. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది. ఆ కాలంలో మద్రాసులోని పెద్ద ఆంగ్ల వ్యాపార సంస్థలలో అర్బత్‌నాట్ కంపెనీ ఒకటి. వర్తకంతో పాటు అది బ్యాంకు వ్యాపారం కూడా చేసేది. దాని అధిపతి సర్ జార్జ్ అర్బత్‌నాట్ నగరంలో ఎంతో పలుకుబడి గలవాడు. ఆ పేరును నమ్మి ఉద్యోగులు, వకీళ్లు, పింఛనుదారులు, వితంతువులు తమ సొమ్మును ఆ కంపెనీలో దాచుకున్నారు.

'ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత' అన్నట్లు, పైకి వైభవంగా కనిపించిన ఆ కంపెనీ లోపల గుల్లబారి ఉంది. లండన్‌లోని దాని అనుబంధ సంస్థ సట్టా వ్యాపారంలో భారీగా నష్టపోయింది. ఆ సంస్థ కూలడంతో మద్రాసు కంపెనీ కూడా 1906 అక్టోబరు 22న చెల్లింపులు నిలిపివేసింది. వేలాది కుటుంబాలు ఒక్కరోజులో దిక్కులేనివయ్యాయి. తరువాత జరిగిన విచారణలో జార్జ్ అర్బత్‌నాట్‌కు పద్దెనిమిది నెలల కఠిన శిక్ష పడింది. నేరస్థునికి శిక్ష పడినంత మాత్రాన పోయిన సొమ్ము తిరిగి రాదు కదా!

ఇటువంటి సందర్భాలలో న్యాయస్థానం ఆ సంస్థ ఆస్తులను యజమానుల చేతి నుండి తప్పించి ఒక అధికారికి అప్పగిస్తుంది. ఆయా చట్టాలను బట్టి ఆయనను రిసీవరు అనీ, అఫీషియల్ అసైనీ అనీ, లిక్విడేటరు అనీ పిలుస్తారు. ఆ అధికారి పని పంపకాల పెద్దమనిషి పని వంటిది. ఆయన ముందుగా ఖాతా పుస్తకాలను స్వాధీనం చేసుకుంటాడు. రావలసిన బాకీలు వసూలు చేసి, భవనాలను, భూములను అమ్మి సొమ్ము చేస్తాడు. ఎవరికి ఎంత రావాలో తేల్చి, వచ్చిన మొత్తాన్ని చట్టం చెప్పిన వరుసలో పంచుతాడు. తాకట్టు పెట్టుకొని అప్పు ఇచ్చినవారికి ఆ తాకట్టు ఆస్తి మీద హక్కు ఉంటుంది. ఏ తాకట్టూ లేని డిపాజిటుదారులు మిగిలిన దానిని దామాషా ప్రకారం పంచుకోవలసి ఉంటుంది. రూపాయికి ఎనిమిది అణాల ఆస్తి మాత్రమే మిగిలితే, ఎంత నిజాయితీపరుడైన అధికారి అయినా ఎనిమిది అణాలకు మించి ఇవ్వలేడు. ఆయన ఉన్నదానిని న్యాయంగా పంచగలడే తప్ప, లేనిదానిని సృష్టించలేడు.

అర్బత్‌నాట్ పతనం నుండి ఒక మేలు కూడా కలిగింది. విదేశీ సంస్థలను నమ్మి చెడిన మద్రాసు ప్రముఖులు, స్వదేశీ ఉద్యమ ప్రభావంతో, భారతీయుల యాజమాన్యంలో ఒక బ్యాంకు ఉండాలని తలపెట్టారు. ప్రసిద్ధ న్యాయవాది వి. కృష్ణస్వామి అయ్యర్ ఇందుకు పూనుకున్నాడు. ఆ విధంగా ఇండియన్ బ్యాంకు 1907లో స్థాపించబడి, ఆ సంవత్సరం ఆగస్టు 15న పని ప్రారంభించింది. దరిమిలా చిత్తూరు కేంద్రంగా పనిచేసిన సప్తగిరి గ్రామీణ బ్యాంకుకు ప్రాయోజక బ్యాంకు ఇదే. సప్తగిరి గ్రామీణ బ్యాంకు 2006లో ఏర్పడి చిత్తూరు జిల్లా పల్లెలకు సేవలందించింది. 2025లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో విలీనమైంది. ఒక శతాబ్దం నాటి పతనం నుండి పుట్టిన సంస్థ చేయూత ఈ మెట్ట సీమ దాకా వచ్చిందన్నమాట.

అయినప్పటికీ డిపాజిటుదారునికి చట్టరీత్యా రక్షణ లభించడానికి మరో యాభై ఏళ్లకు పైగా పట్టింది. కేరళ రాష్ట్రంలో పాలా అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ 1927లో స్థాపించబడిన పాలై సెంట్రల్ బ్యాంకు క్రమంగా ఎదిగి పెద్ద బ్యాంకుగా పేరుపొందింది. దాని ఆర్థిక స్థితి క్షీణించినట్లు గుర్తించిన రిజర్వు బ్యాంకు 1960 ఆగస్టులో కేరళ హైకోర్టును ఆశ్రయించింది. బ్యాంకు తలుపులు మూతపడ్డాయి. వ్యవహారాలు లిక్విడేటరు చేతికి వెళ్లాయి. ఈ సంఘటన దేశమంతటా కలవరం పుట్టించింది. ఫలితంగా పార్లమెంటు 1961లో డిపాజిట్ బీమా చట్టం చేసింది. 1962 జనవరి 1 నుండి అది అమలులోకి వచ్చింది.

ఈ చట్టం ప్రకారం బ్యాంకు మూతపడితే బీమా సంస్థ డిపాజిటుదారునికి ఒక పరిమితి వరకు సొమ్ము చెల్లిస్తుంది. బీమా రుసుమును బ్యాంకే కడుతుంది. డిపాజిటుదారుడు ఏమీ కట్టనక్కరలేదు. తొలుత ఈ పరిమితి 1,500 రూపాయలు. అది అంచెలంచెలుగా పెరిగి 1993లో లక్ష రూపాయలకు, 2020లో ఐదు లక్షల రూపాయలకు చేరింది. ఇందులో అసలు, వడ్డీ రెండూ కలిసి ఉంటాయి. ఒకే బ్యాంకులో ఒక వ్యక్తి పేరిట వేర్వేరు శాఖలలో ఎన్ని ఖాతాలు ఉన్నా, వాటన్నిటినీ కలిపే ఈ పరిమితిని లెక్కిస్తారు. దానికి మించిన సొమ్ము కోసం లిక్విడేటరు వసూళ్ల వైపు చూడవలసిందే.

బీమా ఉన్నా బాధ పూర్తిగా తొలగలేదని తెలుగువారికి 2001లో అనుభవానికి వచ్చింది. ఆ సంవత్సరం కృషి సహకార పట్టణ బ్యాంకు కుప్పకూలింది. అటు తరువాత కొద్ది కాలంలోనే చార్మినార్, ప్రుడెన్షియల్ మొదలైన సహకార పట్టణ బ్యాంకులు కూడా జంటనగరాలలో సంక్షోభంలో చిక్కుకున్నాయి. అప్పటికి బీమా పరిమితి లక్ష రూపాయలు మాత్రమే. ఉద్యోగ విరమణ నాడు చేతికి వచ్చిన మొత్తమంతా ఒకే బ్యాంకులో దాచుకున్న వృద్ధులు నిస్సహాయులయ్యారు. పట్టణ సహకార బ్యాంకుల మీద అప్పట్లో రెండు అధికారాలు ఉండేవి. బ్యాంకు వ్యాపారం రిజర్వు బ్యాంకు అదుపులో, పాలకవర్గం, పరిపాలన సహకార శాఖ రిజిస్ట్రారు అదుపులో ఉండేవి. ఇద్దరు కాపలాదారులు ఉన్న చేను ఎవరి బాధ్యతో తేలని పరిస్థితి అది. 2020లో చట్టాన్ని సవరించి, సహకార బ్యాంకులపై రిజర్వు బ్యాంకుకు మరిన్ని అధికారాలు కల్పించారు.

మరొక సవరణ 2021లో జరిగింది. అంతకు పూర్వం బ్యాంకు లైసెన్సు రద్దయి, లిక్విడేటరు లెక్కలు తేల్చేవరకు బీమా సొమ్ము అందేది కాదు. ఆంక్షలు విధించిన బ్యాంకులలో డిపాజిటుదారులు ఏళ్ల తరబడి నిరీక్షించేవారు. ఇప్పుడు రిజర్వు బ్యాంకు సొమ్ము తీసుకోవడంపై ఆంక్షలు విధించిన నాటి నుండి తొంభై రోజులలోగా బీమా సొమ్ము చెల్లించడానికి చట్టంలో ఏర్పాటు ఉంది.

ఈ ఏర్పాట్ల ఫలితం విజయవాడలో కనిపించింది. అక్కడి దుర్గా సహకార పట్టణ బ్యాంకు లైసెన్సును రిజర్వు బ్యాంకు 2024 నవంబరు 12న రద్దు చేసింది. బ్యాంకును మూసివేసి లిక్విడేటరును నియమించవలసిందిగా సహకార శాఖను కోరింది. అయితే ఆ బ్యాంకు డిపాజిటుదారులలో 95.8 శాతం మందికి బీమా ద్వారా పూర్తి సొమ్ము పొందే అర్హత ఉన్నట్లు రిజర్వు బ్యాంకు ప్రకటించింది. 1906లో మద్రాసు వితంతువుకు లేని ధైర్యం 2024లో విజయవాడ చిరువ్యాపారికి కలిగింది.

అయితే ఈ గొడుగు నీడ అన్నిటి మీదా పడదు. చిట్టీల కంపెనీలలో కట్టిన సొమ్ముకు, ప్రైవేటు ఫైనాన్సు సంస్థలలో వేసిన సొమ్ముకు ఈ బీమా వర్తించదు. గ్రామాలలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల డిపాజిట్లకు కూడా ఇది లేదు. పేరులో 'నిధి', 'సహకార', 'పరపతి' అనే మాటలు ఉన్నంత మాత్రాన ప్రతి సంస్థా బ్యాంకు కాదు. అందరికంటే రెండు రూపాయలు ఎక్కువ వడ్డీ ఇస్తామని చెప్పేవారి వద్దకు వెళ్లేముందు, ఆ ఎక్కువ వడ్డీ ఎక్కడి నుండి వస్తుందో ఆలోచించాలి. 'ఆశ లావు, పీక సన్నం' అన్న సామెత ఇటువంటి సందర్భాలలో గుర్తుంచుకోదగినది.

బ్యాంకుకు భవనాలు, ఇనుప పెట్టెలు ఎన్ని ఉన్నా, ప్రజల నమ్మకమే అసలైన మూలధనం. దానిని కాపాడవలసిన బాధ్యత నిర్వాహకులది, వారిపై నిఘా ఉంచవలసిన బాధ్యత ప్రభుత్వానిది. సొమ్ము వేసే ముందు ఆ సంస్థకు రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉందా, డిపాజిటుకు బీమా ఉందా అని అడిగి తెలుసుకోవలసిన బాధ్యత డిపాజిటుదారునిది. నేడు ఆ ప్రశ్నకు సమాధానం దొరుకుతున్నదంటే, అందుకు మూల్యం చెల్లించినవారు నిన్న నష్టపోయిన సామాన్యులే.

అభ్యాసం

అ. ఈ కింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అర్బత్‌నాట్ కంపెనీ పతనానికి గల కారణాలను, దాని ఫలితాలను వివరించండి.
2. డిపాజిటుదారుల రక్షణకు చట్టాలు క్రమంగా ఎలా రూపొందాయో తెలపండి.

ఆ. ఈ కింది ప్రశ్నలకు పది పంక్తులలో సమాధానాలు రాయండి.
1. డిపాజిటును 'అప్పు' అని ఎందుకు అంటారు?
2. లిక్విడేటరు నిర్వహించే విధులు ఏవి?

ఇ. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. డిపాజిట్ బీమా ఎప్పటి నుండి అమలులోకి వచ్చింది?
2. డిపాజిట్ బీమా వర్తించని సంస్థలు రెండింటిని పేర్కొనండి.