ప్రయోగానికి ముందే అనుమతి ఎందుకు?



సిరిసిల్లలో సాంచాల చప్పుడు వినని వారుండరు. మరమగ్గాలనే అక్కడ సాంచాలంటారు. వాటి నడుమ మాట్లాడుకోవాలంటే గొంతెత్తి అరవాలి. 85 డెసిబెల్స్‌కు మించిన చప్పుడులో రోజూ 8 గంటల చొప్పున ఏళ్ల తరబడి పనిచేస్తే వినికిడి తగ్గే ప్రమాదం ఉంది. మరి ఆ కార్మికుల చెవులు ఎలా ఉన్నాయి? తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి సైన్స్ ఫెయిర్ కోసం ఈ ప్రశ్నను ఎన్నుకున్నదనుకుందాం. గడియారం టిక్‌టిక్ శబ్దం ఎంత దూరం నుంచి వినబడుతుందో ఒక్కొక్కరినీ అడిగి కొలిచింది. పేరు, పేరుకు ఎదురుగా కొలత రాసి చార్టు కట్టింది. ప్రశ్న మంచిది, పద్ధతి సులభమైనది. ఇందులో తప్పేముంది?

ఆ చార్టును ఒక యజమాని చూశాడనుకోండి. "ఇతనికి చెవులు వినబడవట" అని పనిలోంచి తీసేస్తే? మంచి ఉద్దేశంతో చేసిన కొలతే ఒకరి పొట్ట కొట్టినట్లవుతుంది. చార్టును చించివేయవచ్చు, కాని పోయిన పని తిరిగి రాదు. అందుకే మనుషులకు సంబంధించిన పరిశోధన ఏదైనా ప్రారంభానికి ముందే అనుమతి పొందాలి.

అనుమతి ఇచ్చేదెవరు?

రెండవ ప్రపంచయుద్ధంలో నాజీ వైద్యులు ఖైదీల మీద ఘోరమైన ప్రయోగాలు చేశారు. వారిని విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం 1947లో కొన్ని సూత్రాలు ప్రకటించింది. వాటిలో మొదటిది: ప్రయోగానికి లోనయ్యే మనిషి విషయం తెలుసుకొని, తన ఇష్టంతో ఒప్పుకోవాలి.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 1980లో ఇటువంటి నియమాలను మొదట వెలువరించింది. 2017లో వాటిని మరింత వివరంగా సవరించింది. వీటి ప్రకారం పరిశోధన ప్రణాళికను ముందుగా ఎథిక్స్ కమిటీ, అంటే నైతిక సంఘం, పరిశీలించాలి. అందులో 7 నుంచి 15 మంది సభ్యులుంటారు. అధ్యక్షులు బయటి సంస్థకు చెందినవారై ఉండాలి. వైద్యులే కాక న్యాయం తెలిసినవారు, ఒక సామాన్య పౌరుడు కూడా సభ్యులు. తన ప్రయోగంలోని లోపం తనకు కనబడకపోవచ్చు; పరాయివారి కంటికి కనబడుతుంది. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అటువంటి కళాశాలల్లో చదివే విద్యార్థి రోగులపై చిన్న పరిశోధన చేయాలన్నా ఈ దారిన నడవవలసిందే. మూగజీవాలకు కూడా రక్షణ ఉంది. కోరుట్ల పశువైద్య కళాశాల వంటి చోట్ల జంతువులపై ప్రయోగాలకు వేరే నైతిక సంఘం అనుమతి కావాలి.

ఖమ్మం నేర్పిన పాఠం

ఇప్పుడు మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి చూద్దాం. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకా వేయడం మొదలుపెట్టారు. 'పాత్' అనే అమెరికా సంస్థ, వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనమిది. వీరిలో ఎందరో వసతిగృహాల్లో ఉండి చదువుకునే గిరిజన బాలికలు.

ఖమ్మంలోను, గుజరాత్‌లోను జరిగిన ఈ అధ్యయనంలో పాల్గొన్న 7 గురు బాలికలు మరణించారు. ఆందోళన చెలరేగింది. 2010 ఏప్రిల్‌లో కేంద్రం అధ్యయనాన్ని ఆపివేసింది. మరణాలకు టీకాతో సంబంధం ఉన్నట్లు విచారణలో తేలలేదు. కాని మరొక లోపం బయటపడింది. పరిశీలించిన 9,543 అంగీకార పత్రాలలో 2,763 పత్రాలపై సంతకం పెట్టింది తల్లిదండ్రులు కాదు, వసతిగృహ వార్డెన్లు! 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ పద్ధతిని తీవ్రంగా విమర్శించింది.

ఈ అంకె చదివినప్పుడు ఉపాధ్యాయుడిగా నాకు తల వంగిపోయింది. మేము చెబితే మీరు చేయి చాపుతారు. కాదనడం మీకు కష్టం. కనుకనే మా సంతకం మీ తల్లిదండ్రుల సంతకానికి బదులు కాకూడదు. ఆ టీకా నేడు వందకు పైగా దేశాల్లో ఇస్తున్న మేలైన టీకాయే. మంచి వస్తువును అడగకుండా ఇచ్చినందువల్ల దానిపైనే అనుమానం కలిగింది. అంగీకారం లేకపోతే మనుషులకే కాదు, విజ్ఞానానికీ నష్టమే.

2017 నియమాల ప్రకారం పిల్లలపై పరిశోధనకు తల్లిదండ్రుల అంగీకారంతోపాటు పిల్లల సమ్మతి కూడా అడగాలి. 7 నుంచి 12 ఏళ్లవారు నోటితో చెబితే చాలు. ఆపైన 18 ఏళ్ల వరకు రాతపూర్వకంగా ఇవ్వాలి. అంటే మీ మాటకూ విలువ ఉంది!

మన బడిలో ఎలా?

బడిలో నైతిక సంఘం ఎక్కడిదంటారా? అమెరికాలో జరిగే అంతర్జాతీయ విద్యార్థుల సైన్స్ ప్రదర్శన 'ఐసెఫ్' ఇందుకొక దారి చూపింది. మనుషులపై చేసే ప్రాజెక్టును ఒక ఉపాధ్యాయుడు, ఒక పాఠశాల అధికారి, ఒక వైద్య నిపుణుడు ముందుగా చదివి ఆమోదించాలి. మనమూ ప్రధానోపాధ్యాయులను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుగారిని అడగవచ్చు. సాంచాల గురించి అయితే ఒక కార్మికుడిని కూడా కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది.

వారి ముందు ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పగలగాలి:

1. ఈ పరిశోధన వల్ల ఎవరికి మేలు?
2. పాల్గొనేవారికి ఏ హాని కలగవచ్చు? దానిని ఎలా తప్పిస్తారు?
3. వారికి అర్థమయ్యే మాటల్లో చెప్పి అడిగారా?
4. వద్దన్నవారికి, మధ్యలో మానుకున్నవారికి ఏ ఇబ్బందీ లేకుండా ఉంటుందా?
5. పేర్లు రహస్యంగా ఉంటాయా?

మన సిరిసిల్ల అమ్మాయి ముందే ఇలా అడిగి ఉంటే, పేర్లకు బదులు అంకెలు వేసేది. వినికిడి తగ్గినవారికి మాత్రం విడిగా చెప్పి, డాక్టరు దగ్గరకు వెళ్లమనేది. కొలతలు మారవు, ఎవరి పనీ పోదు.

చేసి చూడండి

కోరుట్లలో బీడీలు చేసే తల్లులకు దగ్గు ఎక్కువగా వస్తున్నదా అని మీరు తెలుసుకోదలచారు. పై ఐదు ప్రశ్నలకు జవాబులు రాయండి. తర్వాత ఆ తల్లికి చదివి వినిపించడానికి ఐదు వాక్యాల అంగీకార పత్రం తయారు చేయండి. దానిని ముందుగా మీ ఇంట్లో అమ్మకు వినిపించండి. ఆమెకు అర్థం కాని మాట ఏదైనా ఉంటే, మార్చవలసింది ఆ మాటనే.