గాజుతొట్టిలో చేపలు

ఉద్దేశం : ఇంట్లో పెంచుకొనే చేపల ప్రాణాలు దేనిపై ఆధారపడి ఉంటాయో తెలుసుకోవడం, మూగజీవుల పట్ల బాధ్యతను అలవరచుకోవడం.

“చేపపిల్లకు ఈత నేర్పాలా?” అని సామెత. నీటిలో పుట్టిన చేపకు ఈత ఎవరూ నేర్పనక్కరలేదు. ఏటిలోనో చెరువులోనో ఉన్న చేప ఎండ మండితే లోతుకు దిగుతుంది. మురుగు చేరితే ఆ చోటు విడిచి మంచినీటి వైపు వెళుతుంది. గాజుతొట్టిలోని చేపకు ఆ వీలు లేదు. ఎటు ఈదినా నాలుగు గోడలే. దాని నీటి మంచిచెడ్డలు చూడవలసినవారు దానిని ఇంటికి తెచ్చుకొన్నవారే. చేపలను పెంచడమంటే నీటిని కాపాడడమే.

అలంకారం కోసం చేపలను పెంచడం చాలా పాత అలవాటు. చైనాలో వెయ్యేళ్లకు పూర్వమే బంగారు రంగు చేపలను ఏరి కొలనుల్లో పెంచేవారు. గోల్డ్‌ఫిష్ అని నేడు పిలిచేది వాటి సంతతినే. గాజుతొట్టిలో చేప ఎలా బ్రతుకుతుందో ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త పరిశీలించి, 1850లో ఆ ఫలితాలను ప్రకటించాడు. ఆయన ఒక తొట్టిలో గోల్డ్‌ఫిష్‌ను, నీటి మొక్కను ఉంచాడు. కొన్నాళ్లకు మొక్క ఆకులు కుళ్లి నీరు పాడవసాగింది. అప్పుడు నత్తలను వదిలాడు. అవి కుళ్లిన ఆకులను తినివేయగా నీరు తేటపడింది. తొట్టిలోని ప్రాణులు ఒకదానికొకటి ఆధారంగా నిలుస్తాయని దీనివల్ల తేలింది.

మన దేశంలో 1951లో ముంబయిలో తారాపూర్‌వాలా మత్స్యప్రదర్శనశాల ప్రారంభమైంది. చెన్నైలోని కొళత్తూరు రంగుచేపల పెంపకానికి, అమ్మకానికి పేరుపొందింది.

కనిపించని విషం

వేళకు మేత వేసినా, నీరు తేటగా ఉన్నా, కొత్త తొట్టిలోని చేపలు కొద్ది రోజులకే చనిపోవడం చాలా ఇళ్లలో జరుగుతుంది. దీనికి కారణం కంటికి కనిపించదు. చేప మొప్పల ద్వారా అమ్మోనియా అనే పదార్థాన్ని విసర్జిస్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్లినా అమ్మోనియా పుడుతుంది. ఇది చేపకు విషం. మొప్పలను దెబ్బతీసి, ఊపిరి ఆడకుండా చేస్తుంది.

ఏళ్లనాటి చెరువులో ఈ విషాన్ని విరిచే బాక్టీరియా ఉంటుంది. ఒక రకం బాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. అదికూడా విషమే. మరొక రకం దానిని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ అంతగా హాని చేయదు. దీనిని మొక్కలు పీల్చుకొంటాయి. మిగిలినది నీరు మార్చినప్పుడు పోతుంది. కొత్త తొట్టిలో ఈ బాక్టీరియా తగినంత పెరగడానికి సుమారు 4 నుండి 6 వారాలు పడుతుంది. అందుచేత మొదటి రోజే తొట్టి నిండా చేపలను వేయరాదు. ఒకటి రెండు చిన్న చేపలతో మొదలుపెట్టి, మేత తక్కువగా వేస్తూ, వారాల వ్యవధిలో సంఖ్యను పెంచాలి. బాగా నడుస్తున్న పాత తొట్టి ఫిల్టర్ నుండి కొంత స్పాంజి తెచ్చి కొత్త ఫిల్టర్‌లో పెడితే బాక్టీరియా త్వరగా పెరుగుతుంది.

తొట్టి, నీరు

గుండ్రని చిన్న గాజుపాత్ర చూడడానికి అందంగా ఉన్నా చేపకు అది చెరసాల. కొద్ది నీటిలో విషం త్వరగా పేరుకొంటుంది. వేడి త్వరగా మారుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 30 సెంటీమీటర్ల ఎత్తు గల తొట్టిలో 54 లీటర్ల నీరు పడుతుంది. ఆ నీటి బరువే 54 కిలోలు. కాబట్టి తొట్టిని గట్టి బల్లపై, నేరుగా ఎండ పడని చోట ఉంచాలి.

కుళాయి నీటిలో సూక్ష్మక్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మనకు మేలుచేసే ఆ క్లోరిన్ చేపల మొప్పలకు హానికరం. నీటిని వెడల్పాటి బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. దానిని విరిచే మందు కూడా చేపల దుకాణాల్లో దొరుకుతుంది. బోరు నీటిలో క్లోరిన్ లేకున్నా లవణాలు ఎక్కువగా ఉండవచ్చు. అటువంటి నీటిని గప్పీ, మోలీ వంటి చేపలు తట్టుకొంటాయి.

వారానికి ఒకసారి నాలుగోవంతు నీటిని తీసి, అంతే కొత్త నీటిని పోయాలి. ఫిల్టర్ స్పాంజిని తొట్టి నుండి తీసిన నీటిలోనే పిండాలి. కుళాయి కింద రుద్ది కడిగితే బాక్టీరియా నశిస్తుంది. నీళ్లన్నీ పారబోసి, రాళ్లను కూడా తోమి పెట్టడం శుభ్రతగా కనిపించినా తొట్టిని మళ్లీ మొదటికి తెస్తుంది.

చేపల ఎంపిక

గోల్డ్‌ఫిష్ చల్లని నీటి చేప. చాలా పెద్దదిగా పెరుగుతుంది. సరైన పోషణ ఉంటే పదేళ్లకు పైగా బ్రతుకుతుంది. దక్షిణ అమెరికా గప్పీ వెచ్చని నీటిని కోరుతుంది. ఫైటర్ అని పిలిచే బెట్టా చేప నీటిపైకి వచ్చి గాలి పీల్చగలదు. కాని ఒకే తొట్టిలో రెండు మగ బెట్టాలను ఉంచితే చచ్చేదాకా పోరాడతాయి. కొనే ముందే ఆ చేప ఎంత పెరుగుతుందో, వేటితో కలిసి ఉంటుందో అడిగి తెలుసుకోవాలి.

కొత్త చేప ఉన్న సంచిని 15 నుండి 20 నిమిషాలు తొట్టి నీటిపై తేలనివ్వాలి. తరువాత తొట్టి నీటిని కొంచెం కొంచెంగా సంచిలో పోసి, చేపను మాత్రమే వలతో తీసి వదలాలి. వీలైతే రెండు మూడు వారాలు వేరే తొట్టిలో ఉంచి గమనించడం మేలు. శరీరంపై ఉప్పు రవ్వల వంటి తెల్లని చుక్కలు కనిపిస్తే అది ఒక పరాన్నజీవి వల్ల వచ్చే అంటువ్యాధి. అది ఒక చేపతో ఆగదు.

మేత, జాగ్రత్తలు

రెండు మూడు నిమిషాల్లో చేపలు పూర్తిగా తినగలిగినంత మేతే వేయాలి. ఇంట్లోని నలుగురూ ప్రేమతో తలా ఒక చిటికెడు వేస్తే ఆ ప్రేమే నీటిని విషం చేస్తుంది. మేత వేసే పని ఒకరికే అప్పగించడం మంచిది.

దోమల మందు పొగ, పురుగుమందు పిచికారీ చేపలకు ప్రాణాంతకం. గాలిని పంపే పంపు గదిలోని పొగను కూడా నీటిలోకి పంపుతుంది. చేతికి సబ్బు అంటి ఉండగా నీటిలో పెట్టరాదు. తొట్టిలో చేయి పెట్టే ముందు హీటర్, పంపుల స్విచ్చులు ఆపాలి. కరెంటు పోయి పంపు ఆగితే, గిన్నెతో నీటిని తీసి పైనుంచి సన్నని ధారగా పోస్తుండాలి. నీటిలోకి గాలి చేరుతుంది. చేపలు పైకి వచ్చి గుటకలు వేస్తుంటే ఊపిరి ఆడడం లేదని అర్థం. వెంటనే నాలుగోవంతు నీటిని మార్చాలి.

తొట్టి నుండి చెరువుకు వద్దు

పెద్దవైన చేపలను కొందరు జాలితో చెరువులో వదులుతారు. గాజుకు పట్టిన నాచును తింటుందని తెచ్చే సక్కర్ చేప స్వస్థలం దక్షిణ అమెరికా. ఇది మన జలాశయాలలోకి చేరి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడులతో సహా పలుచోట్ల విస్తరించింది. దీని గట్టి ముళ్లకు జాలర్ల వలలు చిరుగుతున్నాయి. స్థానిక చేపల తిండికి, గుడ్లకు ముప్పు ఏర్పడుతోంది. పెంచలేని చేపను దుకాణానికి తిరిగి ఇవ్వాలి, లేదా పెంచగలవారికి అప్పగించాలి. ఒక ఇంటివారి తొందరపాటు జాలి ఒక ఊరి జీవనాధారాన్ని దెబ్బతీయకూడదు.

చేప ఆకలిని అరచి చెప్పదు. బాధను మొరపెట్టుకోదు. దాని కదలికను, దాని నీటిని గమనించే కన్ను ఉన్న ఇంట్లోనే అది బ్రతుకుతుంది.

పదాలు – అర్థాలు

సంతతి = సంతానం, వంశం
విసర్జించు = బయటికి విడుచు
చెరసాల = ఖైదు, జైలు
పరాన్నజీవి = మరొక ప్రాణిపై ఆధారపడి బ్రతికే జీవి
ప్రాణాంతకం = ప్రాణం తీసేది

ప్రశ్నలు

1. “చేపలను పెంచడమంటే నీటిని కాపాడడమే.” ఈ మాటను మూడు ఉదాహరణలతో సమర్థించండి.
2. తొట్టిలో అమ్మోనియా ఎలా పుడుతుంది? ఎలా విరుగుతుంది?
3. అతి శుభ్రత చేపలకు ఎందుకు హాని చేస్తుంది?
4. జాలితో చేసిన పని కీడుగా మారిన సందర్భాలు పాఠంలో ఏవి?

భాషాంశం

కింది పదాలను విడదీసి సంధి పేరు రాయండి : జలాశయం, జీవనాధారం, నీళ్లన్నీ.

చేయండి

మీ ఊరి చెరువులో లేదా ఏటిలో దొరికే చేపల పేర్లను పెద్దలను, జాలర్లను అడిగి తెలుగులోను, మీ రాష్ట్ర భాషలోను రాయండి.