తాతగారి తుపాకి తుప్పు పడితే లైసెన్సు అక్కర్లేదా?

ప్రశ్న: మా పాత ఇంటి అటక మీద, భోషాణంలో తాతగారి నాటి తుపాకి దొరికింది. మూతిలోంచి మందు కూరి, టోపీ పెట్టి పేల్చే రకం. గొట్టమంతా తుప్పు, మడమ దగ్గర కర్ర చీలింది. పక్కనున్న ఇనుప పలక మీద సింహం బొమ్మ, 1845 అనే అంకెలు ఉన్నాయి. పాత వస్తువులు కొనే ఒకాయన లక్షల్లో ధర చెబుతూ, 'వందేళ్లు దాటింది కాబట్టి లైసెన్సు అక్కర్లేదు' అంటున్నారు. నిజమేనా?

- ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా

జవాబు: నిజం కాదు. ఆ వ్యాపారి తెలిసో తెలియకో రెండు చట్టాలను కలిపేశారు. వందేళ్ల లెక్క 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టంలోది. ఒక వస్తువు పురావస్తువు అవునా కాదా అన్నది తేల్చడానికే అది పనికొస్తుంది. తుపాకి మీ ఇంట్లో ఉండొచ్చా లేదా అన్నది తేల్చేది 1959 నాటి ఆయుధాల చట్టం. అందులో వయసుకు లెక్కే లేదు.

ఆ చట్టంలో సెక్షన్ 45(సి) ఒక మినహాయింపు ఇచ్చిన మాట వాస్తవం. కాలం చెల్లిన నమూనా అయినా, పురాతన విలువ ఉన్నదైనా, పాడైపోయినదైనా, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకిగా వాడటానికి వీల్లేని స్థితిలో ఉంటే దానికి ఈ చట్టం వర్తించదు. అందరూ 'పురాతన విలువ' దగ్గరే చదవడం ఆపేస్తారు. అసలు మెలిక ఆ తర్వాత ఉంది. 'మరమ్మతు చేసినా' అన్న మాటను పట్టుకోండి. మీ తుపాకి ఇవాళ పేలకపోవచ్చు. కానీ తుప్పు గీకించి, టోపీ తొడిగే మొన మార్పించి, కర్రకు కట్టు వేయిస్తే పేలుతుందా? పేలే అవకాశం ఉంటే మినహాయింపు లేనట్టే. 2016 నాటి ఆయుధాల నిబంధనల్లో ఈ 45(సి) కిందికి రాని చారిత్రక, పురాతన ఆయుధాలకు విడిగా నాలుగో కేటగిరీయే పెట్టారు. వయసు మీరగానే లైసెన్సు అక్కర్లేకపోతే ఆ కేటగిరీతో పనేముంది?

పేలుతుందో లేదో చెప్పాల్సింది మీరూ నేనూ కాదు, కొనేవాడు అసలే కాదు. కేసంటూ వస్తే ఫోరెన్సిక్ ల్యాబు నిపుణుడి నివేదికే కోర్టు ముందుకొస్తుంది. లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకుంటే సెక్షన్ 25 ప్రకారం కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు జైలు, పైన జరిమానా. 2019 సవరణతో శిక్ష ఇంతకు పెరిగింది. 'కొడగు వాళ్లకు లైసెన్సు అక్కర్లేదట కదా' అని తరచూ అడుగుతుంటారు. అది కర్ణాటకలోని ఆ జిల్లా కొడవ జాతివారికి, అక్కడ వంశపారంపర్యంగా వచ్చే జమ్మా భూముల హక్కుదారులకు కేంద్రం ప్రత్యేకంగా ఇచ్చిన వెసులుబాటు. దసరాకు ఆయుధ పూజ చేస్తున్నంత మాత్రాన మనకు అది రాదు.

అటక మీద ఉన్నట్టే తెలియనప్పుడు నేరం ఎలా అవుతుందని మీరు అడగొచ్చు. ఆ వాదనలో బలముంది. ఆయుధం తన దగ్గరున్నట్టు ఎరుక ఉండాలని 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే భోషాణం మూత తెరిచి, ధర కూడా విచారించాక ఆ వాదన మీకు అక్కరకు రాదు.

ఇక అసలుదా, నకిలీదా అన్న సంగతి. ముందరి కాళ్లతో కిరీటం పట్టుకుని నిలబడ్డ సింహం ఈస్టిండియా కంపెనీ ముద్ర. కంపెనీ పాలన 1858లో ముగిసింది కాబట్టి అదే సింహం పక్కన 1870 అని ఉంటే అక్కడే అనుమానించాలి. మీ 1845 ఆ లెక్కకు సరిపోతుంది, టోపీ తుపాకులు కంపెనీ సైన్యంలోకి వచ్చిన కాలం కూడా అదే. అంతమాత్రాన అసలుదని తేలిపోదు. ముద్ర లోహంలోకి ఒక్క దెబ్బతో దిగినట్టుందా, గీసి చెక్కినట్టుందా అని భూతద్దం పెట్టి చూస్తారు. పాత తుప్పు నల్లగా, గోధుమరంగుగా లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. యాసిడ్ పోసి తెప్పించిన తుప్పు ఎర్రగా పొడిపొడిగా రాలుతుంది. అరుగుదల చెయ్యి పట్టే చోట, చెంప ఆనే చోట ఉండాలి. అన్ని వైపులా సమానంగా అరిగి ఉంటే ఎవరో పనిగట్టుకుని అరగదీశారన్నమాట. పెషావర్ అవతలి దర్రా ఆదం ఖేల్ బజార్లు ఇంగ్లిషు తుపాకుల నకళ్లకు పెట్టింది పేరు. తిరగబడిన ఇంగ్లిషు అక్షరాలు, 1901లో పోయిన విక్టోరియా రాణి ముద్ర పక్కన ఆ తర్వాతి సంవత్సరాలు అక్కడి సరుకు మీద కనిపిస్తుంటాయి. అలంకారం కోసం ఈమధ్య తయారైన చెకుముకి తుపాకుల్లో చాలావాటికి గొట్టంలోకి నిప్పు వెళ్లే రంధ్రమే ఉండదు. అయినా వాటినీ 'మరమ్మతు చేస్తే' అన్న ప్రశ్న వదలదు. రంధ్రం తొలవడం ఎంతసేపు?

చూడటానికి బాగుంటుందని ఉప్పు కాగితంతో మాత్రం రుద్దకండి. పాత పొర పోతే సేకర్తల దృష్టిలో విలువ పడిపోతుంది. అంతకంటే ముఖ్యం, తుపాకి మీది పేరు, నంబరు, గుర్తింపు ముద్ర చెరపడం, మార్చడం సెక్షన్ 8 నిషేధించిన పని. చెదిరిన అంకెలకు మళ్లీ మెరుగు పెట్టించడమూ ఆ చిక్కులోకే లాగుతుంది. ఇంకో సంగతి, ఇలాంటివాటిలో మందు కూరి అలాగే వదిలేసిన సందర్భాలు ఉంటాయి. ఆ తుపాకిమందు ఏళ్ల తరబడి చావదు. మూతి వైపు నిలబడకండి, నిప్పు దగ్గరికి తేకండి.

విలువ విషయంలో నా మాట కటువుగానే ఉంటుంది. కాగితం లేని తుపాకికి మన దేశంలో చట్టబద్ధమైన ధర లేదు. టిప్పు సుల్తాన్ ఖడ్గం 2023లో లండన్ వేలంలో కోటీ నలభై లక్షల పౌండ్లు పలికిందంటే, అది ఎవరి చేతినుంచి ఎవరికి వెళ్లిందో చెప్పే చరిత్ర వెంట ఉండబట్టే. మీ భోషాణంలో తుపాకి కంటే ముందు వెతకాల్సింది తాతగారి లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు, దివాణం ఇచ్చిన కాగితం, తుపాకి పట్టుకుని దిగిన ఫొటో. ఇవి ధరనూ పెంచుతాయి, మిమ్మల్నీ కాపాడతాయి. ఆ వ్యాపారిని రెండు కాగితాలు అడగండి: ఆయుధాల వ్యాపార లైసెన్సు ఒకటి, పురావస్తువులు అమ్మే లైసెన్సు ఇంకొకటి. నసిగితే బేరం అక్కడితో ఆపండి. మీకే లైసెన్సు వచ్చాక నేరుగా మరో అర్హుడికి అమ్మాలన్నా, కొనేవారి పేరు, చిరునామాతో కలెక్టరుకో పోలీస్ స్టేషనుకో రాసిచ్చి 45 రోజులు ఆగాలి.

అమెరికాలో ఉన్న బంధువుకు పంపుదామని కొందరికి ఆలోచన వస్తుంది. అక్కడి ఫెడరల్ చట్టం 1898, అంతకు ముందు తయారైన తుపాకులను మామూలు ఆయుధాల్లో లెక్కపెట్టదన్నది నిజమే. కానీ వందేళ్లు దాటిన పురావస్తువును ఇక్కడి నుంచి ప్రైవేటు వ్యక్తులు ఎగుమతి చేయకూడదు. అక్కడ కొన్నదాన్ని సూట్‌కేసులో ఇక్కడికి తేవడమూ కుదరదు, దిగుమతికి వేరే లైసెన్సు కావాలి.

ఇప్పుడు చేయాల్సింది. తాతగారికి లైసెన్సు ఉండేదని తేలితే సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధాల డీలరు దగ్గరో డిపాజిట్ చేయండి. డిపాజిట్ చేస్తే తుపాకి పోయినట్టు కాదు. చట్టబద్ధ వారసుడిగా మీరు లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. అది వచ్చాక వెనక్కి తీసుకోవచ్చు, లేదా అర్హులకు అమ్ముకోవచ్చు. గడువు దాటేదాకా పట్టించుకోకపోతే మాత్రం ప్రభుత్వపరం అవుతుంది. కమిషనరేట్ల పరిధిలో పోలీస్ కమిషనరు, మిగతాచోట్ల కలెక్టరు లైసెన్సు ఇస్తారు. మీకు 21 ఏళ్లు నిండి ఉండాలి. ఇప్పటికే రెండు తుపాకులుంటే వారసత్వం పేరుతో మూడోది ఉంచుకోలేరు.

తాతగారికి ఎప్పుడూ లైసెన్సే లేకపోతే దారి కాస్త ఇరుకు. అప్పుడు ముందు వకీలును కలవండి. ఎప్పుడు, ఎక్కడ, ఎవరి సమక్షంలో దొరికిందో రాసి ఆయన ద్వారా స్టేషనుకు తెలియజేయండి. లైసెన్సు లేదన్న కారణంగా కేసు నడపాలంటే జిల్లా మేజిస్ట్రేటు ముందస్తు అనుమతి కావాలి. మీరే చెప్పి అప్పగించారన్న కాగితం ఆయన ముందుంటే మీకు మేలు. తుపాకిని గోనెసంచిలో చుట్టి బస్సులో మోసుకెళ్లకండి, వాళ్లనే వచ్చి తీసుకెళ్లమనండి. అంతకుముందే అన్ని వైపులా ఫొటోలు తీయండి. రసీదులో 'పాత తుపాకి ఒకటి' అని రాసి సరిపెట్టనివ్వకండి. గొట్టం పొడవు, సింహం ముద్ర, 1845, కర్ర చీలిన చోటు అన్నీ రాయించి, స్టేషను ముద్ర వేయించుకోండి.