ఆ బోర్డు వాణ్నే చదవనివ్వండి

అమ్మా,
మాది ఏలూరు. బాబుకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. మొన్న ఆదివారం బస్టాండులో కూర్చున్నాం. ఒక ముసలామె, చంకలో సంచి, చేతిలో కర్ర, వచ్చిన ప్రతి బస్సు దగ్గరికీ వెళ్లి "జంగారెడ్డిగూడెం పోద్దా నాయనా?" అని అడుగుతోంది. చివరికి మావాడి దగ్గరికొచ్చి, "ఆ బోర్డు మీద ఏం రాసుందో చెప్పు బాబూ" అంది. వీడు ఫోన్లోంచి తలెత్తకుండానే "నాకెందుకు? ఎంక్వైరీలో అడుక్కో" అన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మందలిస్తే, "కొత్తవాళ్లతో మాట్లాడొద్దని నువ్వేగా చెప్పావు!" అంటాడు. రోజూ నీతికథలు చెబుతూనే ఉన్నాను.

ఇంకో మాట. కిందటి నెల మావారు వీణ్ని బండి మీద తీసుకొస్తుంటే రోడ్డు పక్కన ఒకతను పడిపోయి ఉన్నాడట. వీడు "నాన్నా, ఆపు" అన్నాడట. "మనకెందుకురా, పోలీసులూ కేసులూ" అని ఆయన ఆపకుండా వచ్చేశారు. వీడికి నాలుగు మంచి బుద్ధులు నేర్పేదెలా?
– ఒక తల్లి

జవాబు:
అమ్మా, మీరు చివర్లో రాసినది మొదటే రాయాల్సింది. "ఆపు" అన్న పిల్లాడు నెల తిరక్కుండా "నాకెందుకు" అన్నాడంటే, ఆ మాట ఎవరి దగ్గర అరువు తెచ్చుకున్నాడో మీకూ తెలుసు.

మీవారిని తప్పుపట్టను. ఆ భయం గాల్లోంచి పుట్టింది కాదు. దెబ్బ తగిలినవాణ్ని ఆసుపత్రిలో చేర్చిన పాపానికి, చేర్చినవాడే స్టేషన్ చుట్టూ తిరిగిన రోజులున్నాయి. అయితే 2016లో సుప్రీంకోర్టు ఇలా సాయపడేవాళ్లకి రక్షణ కల్పించింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ కూడా చేరింది. పేరూ ఊరూ చెప్పమని పోలీసులు కూడా బలవంతపెట్టకూడదు. దగ్గరికి వెళ్లే ధైర్యం లేకపోతే, బండి పక్కకి ఆపి 108కి ఫోన్ చేయొచ్చు. 2005 నుంచీ మనకి తెలిసిన నంబరేగా!

మీవారు బాబుని కూర్చోబెట్టుకుని "ఆ రోజు ఆగాల్సిందిరా, భయపడ్డాను" అని చెబితే చాలు. మీ నీతికథలన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క మాట ఒక ఎత్తు. నాన్న తప్పు ఒప్పుకుంటే పిల్లల దగ్గర చులకనైపోతాడని మగవాళ్లకో అపోహ. మా ఇంట్లోనూ చూశాను లెండి.

ఇక కొత్తవాళ్ల సంగతి. "మాట్లాడొద్దు" అనేది ఎనిమిదేళ్లవాడికి మరీ మొరటు కొలత. అమ్మో నాన్నో పక్కనుంటే ఎవరికైనా సాయం చెయ్యి. ఒంటరిగా ఉన్నప్పుడు పెద్దవాళ్లెవరైనా "కుక్కపిల్ల తప్పిపోయింది, వెతుకుదాం రా" అని పిలిస్తే, వెళ్లకుండా పరుగున వచ్చి మాకు చెప్పు. ఇలా విడదీసి చెప్పండి. నిజంగా అవసరమున్న పెద్దవాళ్లు వెంట రమ్మని పసివాణ్ని పిలవరని వాడికి అర్థమవుతుంది.

సాయానికీ ఒక పద్ధతుంది. రోడ్డు దాటబోయే అంధుడి చెయ్యి పట్టుకుని లాగేస్తుంటారు కొందరు, పాపం ఆయన అటు వెళ్లాలో లేదో కూడా అడగకుండా! ముందు అడగాలి. ఆయన సరేనంటే మన మోచెయ్యి పట్టుకోనివ్వాలి, మనం అరడుగు ముందు నడవాలి. ఇది చెప్పి ఊరుకోకండి. మీరు కళ్లు మూసుకుని మీ హాల్లో వాడిచేత నడిపించుకోండి. సోఫా తగిలితే తగిలింది. చేసినందుకు చాక్లెట్టు ఇవ్వొద్దు, ఫొటో తీసి స్టేటస్ పెట్టొద్దు.

వచ్చే ఆదివారం వాణ్ని మళ్లీ బస్టాండుకి తీసుకెళ్లండి. ఆ ముసలామే కనబడకపోవచ్చు కానీ, బోర్డు చదవలేనివాళ్లు మన బస్టాండుల్లో ఎప్పుడూ ఒకరిద్దరుంటారు. "జంగారెడ్డిగూడెం" మూడో తరగతి వాడికి కూడబలుక్కోవాల్సినంత పెద్ద పేరే. తొందరపెట్టి మీరు అందించేయకండి.